చీటీలో పడిన ఇంటిపేరు

టార్నీట్‌లో ఎవరి పాప పుట్టినరోజుకో వెళ్ళి, బిర్యానీ ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు ఆవిడ పోయారన్న సంగతి తెలిసింది. చెప్పినతను ఐటీ ఉద్యోగి. ముప్ఫై దాటి ఉంటాయి. ఫోన్లోకి చూస్తూ, "అంకుల్, పెర్త్‌లో ఎవరో ఆంటీ పాస్ అవే అయ్యారట. రిటైర్డ్ లెక్చరర్. మీ టైమ్‌లోనే మెల్‌బోర్న్ వచ్చారంట, మీకు తెలిసే ఉంటుంది" అని పేరు చదివాడు. పేరుకు ముందు పొడి అక్షరం ఒక్కటే ఉంది.

"ఆ ఇనిషియల్ దేనికి అంకుల్? ఇంటిపేరేంటి? మనవాళ్ళేనా?"

నేను ముక్క నములుతూనే ఉన్నాను. ఏదో ఒకటి అనిపించాలి కదా అని కాసేపు ఎదురుచూశాను. ఏమీ అనిపించలేదు. పెరుగుచట్నీ ఇంకాస్త వేయించుకున్నాను.

"అద్దె ఇల్లు బాబూ. పేరు లేదు" అన్నాను.

నాకు వినపడలేదనుకుని అతను కేకు దగ్గరకు వెళ్ళిపోయాడు.

ఆ మాట నాది కాదు, ఆవిడది. ఎనభైల చివర్లో మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్ళు ఎంత తక్కువంటే, డాండెనాంగ్‌లో ఎవరైనా ఎండుమిరపకాయ పోపు వేస్తే ఊరికి ఆ చివర ఫుట్‌స్క్రేలో నాకు తుమ్ములొచ్చేవి. కొత్త తెలుగు మొహం కనబడితే అందరం చుట్టూ చేరేవాళ్ళం. మొదటి ప్రశ్న ఏ ఊరని. రెండోది ఏం చేస్తుంటారని. మూడోది తిన్నగా వచ్చేది కాదు, వాతావరణం మీదుగా, పెరట్లో నిమ్మచెట్టు మీదుగా తిరిగి తిరిగి వచ్చేది. "ఇంతకీ మీ ఇంటిపేరేంటమ్మా?" ఆవిడ చాలా ప్రసన్నంగా, "ఇక్కడ అద్దె ఇల్లండీ, పేరు లేదు" అనేవారు. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. కారెక్కి సగం దూరం వెళ్ళాక నవ్వు ఆగిపోయేది.

గుంటూరు జిల్లాలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, స్కాలర్‌షిప్ వస్తే ముప్ఫై ఎనిమిదో ఏట ఇక్కడికొచ్చారు. యూనివర్సిటీలో ఎత్నిక్ స్టడీస్‌లో పరిశోధన. వలస వచ్చిన జనం, వాళ్ళ భాష, అలవాట్లు, ఇక్కడ వాటికి పట్టే గతి, ఇదీ ఆ చదువు. మనవాళ్ళకు ఆ చదువు ఒకటుందని నమ్మించడానికే ఆవిడకు ఆర్నెల్లు పట్టింది. "టెక్నిక్ స్టడీసా? ఏ టెక్నికమ్మా?" అని ఇంజనీరుగారు అడిగారు. ఆయన మాలో అందరికంటే ముందొచ్చినవారు, గ్లెన్ వేవర్లీలో సొంత ఇల్లు కట్టినవారు, సలహాలకు పెట్టింది పేరు. "ఇప్పటికైనా మించిపోయింది లేదు, కంప్యూటర్స్‌కి మారిపోండి" అన్నారు.

"మారితే మీ గురించి ఎవరు రాస్తారండీ?" అన్నారు ఆవిడ.

ఆ మాటకు ఆయన ఐసైపోయారు. ఇంటర్వ్యూకి తేదీ ఇచ్చారు.

చీర మీద మగవాళ్ళ ఊలు కోటు, కాళ్ళకు పరుగుపందేల బూట్లు, జడచుట్టలో గుచ్చిన పెన్సిలు, భుజాన గుడ్డసంచీ, అందులో టేప్ రికార్డరు. ఇటుకంత బరువుండేది అది. రికార్డు మీట, ప్లే మీట రెండూ కలిపి నొక్కాలి. ఆవిడ రెండు బొటనవేళ్ళతో, కోడిగుడ్డు పగలగొడుతున్నంత జాగ్రత్తగా నొక్కేవారు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఊఁ, తర్వాత?" అనేవారు. ఇంకా ఎవరూ ఏమీ మొదలుపెట్టకుండానే. ఆ "తర్వాత" వినగానే ఎలాంటి మూగవాడైనా ముందుదేదో చెప్పేసినట్టు భ్రమపడి, గడగడా చెప్పుకుపోయేవాడు. టేపు రెండో వైపు తిప్పేటప్పుడు మంచినీళ్ళు అడిగేవారు. నీళ్ళు రాగానే గ్లాసు వెలుతురుకు పట్టి చూసి తాగేవారు.

"గ్లాసులో ఏం చూస్తారక్కా?" అని ఒకసారి అడిగాను.

"ఇక్కడ అందరిళ్ళలో ఒకటే రకం గ్లాసులు, గమనించావా? ఇంటివాళ్ళకీ అదే, వచ్చినవాళ్ళకీ అదే. ఈ దేశంలో నాకు ముందు నచ్చింది అది."

గమనించాల్సిన విషయం అందులో ఏముందో నాకు అర్థం కాలేదు. నేను ఏ ఇంటికెళ్ళినా నాకు వేరే గ్లాసు ఎవరూ పెట్టలేదు మరి.

నేను అప్పట్లో ఉత్తరాలు ఊళ్ళవారీగా విడగొట్టే పోస్టల్ కేంద్రంలో పొద్దుటి షిఫ్టు. ముప్ఫై ఏళ్ళవాణ్ణి. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఖాళీ. టేపులు విని, ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసిపెట్టే మనిషి కావాలని ఆవిడ అడిగితే ఒప్పుకున్నాను. కారణం ఆవిడ గోంగూర పచ్చడి. ఈ దేశంలో గోంగూర దొరకదు కదా అంటారేమో. ఏదో పుల్లటి ఆకు తెచ్చి, దానికి గోంగూర అని ఆవిడే పేరు పెట్టారు. తిన్నవాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆవిడ అంశమే పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. వీళ్ళకు తిరగేసి. ఫారం నింపేటప్పుడు జరిగే గల్లంతులో ఒకాయన జీవితాంతం తాతగారి ఊరి పేరుతో పిలిపించుకుంటాడు. ఇంకొకాయన భార్యకు, పిల్లలకు కూడా ఆయన పేరే పడి, ఆస్పత్రిలో నర్సు ఒక్కసారి పిలిస్తే నలుగురూ లేచి నిలబడతారు. ఎవరికి సూది వెయ్యాలో తెలియక ఆ నర్సు నలుగురికీ వేసింది. ఈ చివరి ముక్క నేను చేర్చింది. టేపులో లేదు.

అలాంటివి చాలా చేర్చాను. ఉన్నది ఉన్నట్టు రాయడం నా చేతకాదు, చెయ్యి దురద. ఆవిడ టేపు మళ్ళీ వినకుండానే పట్టేసేవారు. కాగితం మీద పెన్సిలు జారుతూ జారుతూ ఆగిపోయేది. "ఈ వాక్యం నీది" అనేవారు.

"ఎలా తెలుస్తుందక్కా?"

"మరీ బావుంది. నిజం చెప్పేవాళ్ళు ఇంత బాగా చెప్పరు."

ఆవిడ డిపార్ట్‌మెంటు ఒక పాత కట్టడం కింద, సగం భూమిలోకి దిగి ఉండేది. కిటికీలోంచి నడిచేవాళ్ళ పాదాలు మాత్రమే కనిపించేవి. గది తలుపు మీద ఆవిడ పేరు, ముందు ఒక పొడి అక్షరం. గైడు గ్రీకు కుటుంబంలో పుట్టినావిడ. ఆవిడ తండ్రి ఫ్యాక్టరీలో చేరినప్పుడు, ఇంత పొడుగు పేరు మాకు పలకదని మేస్త్రీ సగానికి కోసేశాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా గైడమ్మకు కళ్ళు తడయ్యేవి. అక్క మాత్రం టీ ఊదుకుంటూ కూర్చునేవారు. బయటికొచ్చాక ఒకసారి అన్నారు: "వాళ్ళకు పేరు పోతే ఏడుపు. మనలో కొందరికి పేరు పోతే పండగ. ఈవిడకు ఇది ఇంగ్లిషులో ఎలా చెప్పాలో తెలీడం లేదు."

చిక్కు వచ్చింది ఎథిక్స్ కమిటీతో. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళెవరో బయటికి తెలియకూడదు, అసలు పేర్లు తీసేసి మారుపేర్లు పెట్టాలి, అది నియమం. పేర్ల మీద థీసిస్, అందులో పేర్లుండకూడదు. "అందరికీ తెలిసిన మామూలు పేరేదైనా పెట్టెయ్, స్మిత్ లాంటిది" అన్నారట గైడమ్మ.

"తెలుగులో స్మిత్ లేడు తమ్ముడూ" అన్నారు అక్క నాతో. "ప్రతి ఇంటిపేరు వెనకా ఒక వీధి ఉంటుంది. నేను ఏది పెట్టినా ఒక మనిషిని తీసుకెళ్ళి ఆ వీధిలో దించినట్టే. నా ఇష్టం వచ్చినట్టు దించితే తప్పు కదా."

అందుకని చీటీలు. తనతో చదివినవాళ్ళవి, తన దగ్గర చదువుకున్నవాళ్ళవి, జ్ఞాపకమొచ్చిన ఇంటిపేర్లన్నీ చీటీల మీద రాసి, మడిచి, బిస్కెట్ల డబ్బాలో వేశారు. తాను తీస్తే ఎవరి మొహమో గుర్తొచ్చి చెయ్యి తడబడుతుందని, నన్ను తియ్యమన్నారు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ జాబితా నా ముందు పెట్టి, ఫొటోకాపీలు తీసుకురావడానికి పైకి వెళ్ళారు. వెళ్ళేముందు డబ్బా మీద అరచెయ్యి పెట్టి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు.

నేను నిజాయితీగానే మొదలుపెట్టాను. ఒక చీటీ, ఒక మనిషి. నాలుగో అయిదో చీటీ ఒక బ్యాంకు గుమాస్తాకి తీశాను. విప్పితే నాకు తెలిసిన పేరు. మా ఊళ్ళో ఆ ఇంటిపేరువాళ్ళు కాలవ అవతల ఉండేవాళ్ళు. పని మీద మా ఇంటికొస్తే వాకిట్లోనే నిలబడేవాళ్ళు, అరుగెక్కేవాళ్ళు కాదు. ఆ పేరేమిటో ఇక్కడ రాయను. రాస్తే మీరు మొదట చేసే పని ఏమిటో నాకు తెలుసు.

ఇంజనీరుగారి టేపు ముందువారమే రాశాను. అందులో గంటసేపు ఆయన వంశం. మా ఇంటిపేరు చెబితే చాలు కుర్చీ వేసేవాళ్ళు, మా తాతగారు వీధిలోకొస్తే మనుషులు పక్కకు తప్పుకునేవాళ్ళు, అదీ ఇదీ. ఆ మాటలు చెవిలో ఉన్నాయి, ఈ చీటీ చేతిలో ఉంది. గుమాస్తాకి వేరే చీటీ తీసి, దీన్ని ఇంజనీరుగారి పేరు ఎదురుగా రాశాను. రాసి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మంచి వేళాకోళం అనుకున్నాను. అందులో నవ్వొచ్చేదేమిటని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో.

ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళకు తమ భాగం చదువుకునే హక్కుంది. అక్క ఎవరి పేజీలు వాళ్ళకు పోస్టు చేశారు. వారం తిరక్కుండా ఇంజనీరుగారు లంచ్ టైమ్‌లో టై కట్టుకుని డిపార్ట్‌మెంటుకు వచ్చారు. కిటికీలో ముందు ఆయన బూట్లు కనిపించాయి. తర్వాత ఆయన.

"ఏంటమ్మా ఇది?"

"మీ భాగమండీ. తప్పులేమైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను."

"మ్యాటర్ అంతా కరెక్టే. ఈ పేరేంటి?"

"అది మీ పేరు కాదండీ. మీరెవరో తెలియకుండా పెట్టింది."

"సరేనమ్మా, తెలియకూడదు, ఐ అగ్రీ. కానీ ఈ పేరుతో తెలియకుండా ఉండటమేంటి? కుర్చీ వేసేవాళ్ళని నేను చెప్తున్నాను, పైన ఈ పేరుంది. చదివినవాడు నవ్వడా?"

"ఇక్కడ చదివేవాళ్ళకు ఏ పేరైనా ఒకటేనండీ."

"మనవాళ్ళు చదివితే? లోకంలో ఇన్ని పేర్లుండగా మీకు ఇదే దొరికిందా? అసలు ఇది ఎవళ్ళ పేరో తెలుసా మీకు?"

"తెలుసండీ."

"ఎవళ్ళది?"

"మాది" అన్నారు ఆవిడ.

చాలా మామూలుగా అన్నారు, గొడుగు ఎవరిదంటే చెప్పినట్టు. పైన ఎవరో పరుగెత్తుకుంటూ వెళ్ళారు, కిటికీలో పాదాలు పోయాయి. ఇంజనీరుగారు టై ముడి పట్టుకుని అటూ ఇటూ కదిపారు. "అది కాదమ్మా... నా ఉద్దేశం... నో అఫెన్స్" అన్నారు. నేను పక్క బల్ల దగ్గర టేపు వెనక్కి తిప్పుతున్నాను. వేలు మీట మీదే ఉండిపోయింది. టేపు మొదటికొచ్చి టక్కుమని ఆగింది. నా వేళాకోళం ఎవరి మీద వేసి ఆడానో నాకు అప్పుడు తెలిసింది. ఒంట్లో ఏమీ కదల్లేదు. చలికాలం గ్లవ్స్ లేకుండా ఉత్తరాలు విడగొడితే వేళ్ళు మనవి కానట్టుంటాయి. అలా ఉంది.

ఆయన ఇంటికెళ్ళి యూనివర్సిటీకి ఉత్తరం రాశారు. ఈమె కావాలనే తన సొంత ఇంటిపేరు తీసుకొచ్చి నాకు తగిలించింది, నన్ను అవమానించడానికి పరిశోధనను వాడుకుంది, అని. చదివినవాళ్ళెవరికైనా నిజమే అనిపిస్తుంది. ఇన్ని పేర్లలో సరిగ్గా ఆవిడదే ఆయనకు రావడమేమిటి? కమిటీ ఆవిడను పిలిచి తేల్చి చెప్పింది. చీటీలోనే పడిందని రుజువైతే యాదృచ్ఛికం, ఆయన భాగం తీసేసి మిగతాది సమర్పించుకోవచ్చు. కావాలని పెట్టినదైతే థీసిస్ ఆగిపోతుంది. ఆగితే స్కాలర్‌షిప్ ఆగుతుంది, స్కాలర్‌షిప్ మీద ఉన్న వీసా ఆగుతుంది. గుంటూరు జిల్లాలో ఆవిడ ఉద్యోగం అప్పటికే వేరేవాళ్ళకు ఇచ్చేశారు. చీటీలు తీసిన మనిషి రాతపూర్వకంగా చెప్పాలన్నారు.

ఆవిడ నన్ను కూర్చోబెట్టి, టేప్ రికార్డరు లేకుండానే చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"నిజం చెప్పు తమ్ముడూ. అలాగే పడిందా?"

"అలాగే పడిందక్కా."

నా మొహంలోకి చూశారు. నేను రాసిన అన్ని వాక్యాల్లోనూ నా అబద్ధాలు పట్టుకున్న మనిషి. ఈ రెండు మాటల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. మరీ బావున్నది ఏదీ లేదందులో.

కమిటీ ముందు సంతకం పెట్టాను. నిజం రాసిస్తే ఆవిడ తప్పేమీ లేదని తేలేదేమో, నా తప్పని తేలేదేమో. లేకపోతే, ఈమే చెప్పి చేయించిందని తేలేదేమో. నేను అంత దూరం ఆలోచించి సంతకం పెట్టానని చెప్పుకుంటే బావుంటుంది. పెన్ను ఇచ్చారు, పెట్టాను.

"మీ పేరు అసలు డబ్బాలో ఎందుకు వేశారక్కా?" అని తర్వాత అడిగాను.

"అందరివీ వేసి నాది దాచుకుంటే అదేం పద్ధతి?" అన్నారు. "మా నాన్న చర్చి సంఘంలో పెద్దల్ని చీటీలు వేసి ఎంచేవాళ్ళు. ప్రార్థన చేసి తీసేవాళ్ళు. పడ్డ పేరును ఎవరూ కాదనేవాళ్ళు కాదు. తీసేది మన చెయ్యే, పడేసేది మనం కాదు. ఇన్నేళ్ళు దాచుకు తిరిగానుగా, చాల్లే, ఇక చెప్పు అని ఆ దేవుడే పడేశాడు" అన్నారు.

మర్నాడు వెళ్ళేసరికి తలుపు మీద పొడి అక్షరం పక్కన మిగతా అక్షరాలు కూడా వచ్చి చేరాయి. పెన్సిలుతో ముందు గీసుకుని, పైన నల్ల సిరాతో దిద్దారు. ఆ తర్వాత కొందరు ఆవిడను భోజనాలకు పిలవడం మానేశారు. పిలిచినవాళ్ళు మరీ ఎక్కువ ఆదరం చూపించారు, "మాకలాంటివేం లేవమ్మా" అని ముగ్గురి ముందు చెప్పి మరీ వడ్డించారు. ఆవిడ రెంటినీ నోట్సులో రాసుకున్నారు. ఇంజనీరుగారి భాగం తీసేసిన చోట ఆ నోట్సు పెట్టారు. పరీక్షకులు ఆ భాగాన్నే మెచ్చుకున్నారట. పద్ధతి గురించిన అధ్యాయంలో ఒక వాక్యం నాకు చూపించారు. మారుపేర్లను, ఫలితంతో ఏ సంబంధమూ లేని మూడో మనిషి చేత చీటీలు తీయించి నిర్ణయించడమైనది, అని ఉంది. "ఇది నువ్వే" అన్నారు. ఆ పుస్తకం ఆ లైబ్రరీలో ఇప్పటికీ ఉంటుంది.

పట్టా ఇచ్చే రోజు ఆవిడ వైపు నుంచి నేనొక్కణ్ణే. డిగ్రీ మీద ఇంటిపేరు పూర్తిగా రాయించుకున్నారు. పేర్లు చదివే ప్రొఫెసరు దాన్ని మూడు ముక్కలు చేసి, మధ్య ముక్క మింగేసి చదివాడు. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. ఆవిడ కదల్లేదు. చీర మీద నల్ల గౌనుతో, కాళ్ళకు అవే బూట్లతో, నడిమధ్య ఆగి, ఆయన వైపు వంగి ఏదో చెప్పారు. ఆయన మైకులో మళ్ళీ ప్రయత్నించాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు, మళ్ళీ చెప్పారు. మూడోసారి సరిగ్గా వచ్చింది. మా ఊళ్ళో కాలవ ఇవతల నుంచి గదమాయించి పిలిచే ఆ పేరు, అంతమంది కూర్చున్న హాల్లో, మైకులో, గారూ గీరూ లేకుండా, తప్పు లేకుండా వినిపించింది. అప్పుడు నడిచారు.

బయట మెట్ల మీద గొట్టంలా చుట్టిన కాగితం సంచీలో పెట్టుకుంటూ, "నీ చెయ్యి మంచిది తమ్ముడూ" అన్నారు. "ఆ చీటీ పడకపోతే ఈ పేరు ఈ దేశంలో నా నోటితో అనేదాన్ని కాదు. పడేసినాయన పడేశాడు. తీసింది మాత్రం నువ్వు."

చెప్పేద్దామనే నోరు తెరిచాను. కమిటీ అయిపోయింది, కాగితం చేతికొచ్చింది, ఇక చెబితే పోయేదేమీ లేదు, పైనుంచి ఎవరో తన పేరు పిలిచారన్న ఆ ఒక్క నమ్మకం తప్ప. వచ్చే వారం ఆవిడ పెర్త్ వెళ్ళిపోతున్నారు.

"పదండక్కా, ట్రామ్ వచ్చేస్తోంది" అన్నాను.

ఆవిడ గౌను రెండు చేతులా ఎత్తిపట్టుకుని స్టాపు దాకా పరుగెత్తారు. వెనకే నేనూ పరుగెత్తాను. రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎక్కడా ట్రామ్ లేదు.